నగలపెట్టెలో రివాల్వర్

2014 జనవరిలో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఒక రివాల్వర్‌ని అమ్మకానికి పెట్టింది. పేరు 'నిర్భీక్'. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత ఆ అమ్మాయికి పత్రికలవాళ్లు పెట్టిన 'నిర్భయ' అన్న పేరుకి ఇది తోబుట్టువు. .32 బోరు. ఆరు తూటాలు పడతాయి. టైటానియం మిశ్రలోహంతో చేశారు కాబట్టి బరువు అర కిలో దగ్గర్లో ఉంటుంది, హ్యాండ్‌బ్యాగులో ఇమిడిపోతుంది. అప్పటి ధర లక్షా ఇరవై రెండు వేల చిల్లర. స్త్రీల కోసం మనదేశంలో తయారైన తొలి తుపాకీ అని ప్రచారం చేశారు. దాన్ని పెట్టి ఇచ్చే పెట్టె మెరూన్ రంగులో అచ్చం నగలపెట్టెలా ఉంటుంది.

ఆ పెట్టె గురించి చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది గానీ పెట్టె మాత్రం బుర్రలో ఉండిపోయింది. ఒక వస్తువుని ఎలా చుట్టి ఇస్తారన్న దాంట్లోనే దాన్ని కొనే మనిషి ఎవరనుకుంటున్నారో, ఆమె దేనికి భయపడుతుందని ఊహిస్తున్నారో తెలిసిపోతుంది. లక్షా ఇరవై వేలు పెట్టగలిగిన స్త్రీ, బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లే స్త్రీ, చీకటి వీధిలో ముక్కూమొహం తెలియని ఒక మగవాడు. ఈ చిన్న నాటకమంతా ఆ పెట్టెలో ఉంది. పొలంలో కలుపు తీసే మనిషి ఆ నాటకంలో లేదు. రాత్రి పదకొండింటికి తాగొచ్చిన భర్తకి తలుపు తీసే మనిషీ లేదు.

మనం ఈ విషయం ఎక్కువ మాట్లాడుకోం. స్త్రీవాద సాహిత్యంలో ఆయుధాలకేమీ కొదవ లేదు. కలం కత్తి అవుతుంది, అక్షరం నిప్పవుతుంది, మాట తూటా అవుతుంది. కానీ నిజమైన తూటా ఎన్ని గ్రాములుంటుందో, దాన్ని పేల్చాక మణికట్టు ఎంతసేపు వణుకుతుందో మనలో ఎంతమందికి తెలుసు? మల్లు స్వరాజ్యం తన ఆత్మకథకి 'నా మాటే తుపాకీ తూటా' అని పేరు పెట్టుకుంటే ఆ పోలికకి ఆవిడ చెల్లించిన ధర ఉంది. దళంలో తుపాకీ పట్టిన మనిషి, తలకి పదివేలు వెల కట్టించుకున్న మనిషి. మిగతా మనందరం ఆ పోలికని అప్పు తెచ్చుకుని వాడుకుంటున్నవాళ్లం. అప్పు తేవడం తప్పని అనను. అయితే నిజం తుపాకీ గురించి ఎవరైనా నిజంగా అడిగినప్పుడు మన దగ్గర జవాబు ఉండదు.

నన్ను ఒకరు అడిగారు. యూనివర్సిటీలో నాతోపాటు ఎమ్మే చేసిన స్నేహితురాలు, ఇప్పుడు టెక్సాస్‌లో డల్లాస్ దగ్గర ఉంటోంది. పేరు అవసరం లేదు. మొదట్లో హెచ్4 వీసా మీద భర్త వెంట వెళ్లింది, తర్వాత గ్రీన్‌కార్డు వచ్చింది. రెండేళ్ల కిందట అతన్ని వదిలి తొమ్మిదేళ్ల కూతురితో వేరే ఇంట్లోకి మారింది. అతను ఇంటి దగ్గరికి రాకూడదని కోర్టు ఇచ్చిన ప్రొటెక్టివ్ ఆర్డర్ ఉంది. అతని దగ్గర రెండు తుపాకులు కూడా ఉన్నాయి. "నువ్వు షూటింగ్ నేర్చుకున్నావు కదే, మొదటిసారి కొనేవాళ్లు ఏది కొనాలో చెప్పు, తూటాలు కూడా ఏవి తీసుకోవాలో చెప్పు" అని ఫోన్ చేసింది. బియ్యం ఏ రకం మంచివని అడిగినంత మామూలుగా అడిగింది. గొంతు మాత్రం మామూలుగా లేదు.

నేను షూటింగ్ నేర్చుకున్నమాట నిజమే. డిగ్రీలో ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిల్‌తో, నేలమీద బోర్లా పడుకుని. తర్వాత పీహెచ్‌డీ రోజుల్లో ఒక రేంజిలో పిస్టల్‌తో. అందుకని అడిగినదానికి ముందు జవాబు చెప్పాలనుకున్నాను. తలుపు గొళ్లెం బిగించుకుంటున్న మనిషికి పితృస్వామ్య సిద్ధాంతం వినిపించడం మర్యాద కాదు.

చెప్పింది ఇదీ. గురి నేర్చుకోవడానికైతే పాయింట్ టూటూ. తూటా రెండున్నర గ్రాములకి కాస్త ఎక్కువ, చప్పుడు తక్కువ, వెనక్కి తన్నడం దాదాపు ఉండదు, తూటాలు చవక. మొదటిరోజే పెద్ద తుపాకీ పేల్చినవాళ్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కేముందే చెయ్యి ఉలిక్కిపడుతుంది, కళ్లు మూసుకుపోతాయి, తుపాకీ కిందికి వంగుతుంది. ఆ ఉలికిపాటు ఒకసారి ఒంటికి అలవాటైతే వదలడానికి నెలలు పడుతుంది. అందుకే చిన్న తూటాతో మొదలుపెట్టాలి. తుపాకీ మటుకు కొంచెం బరువుగా ఉండాలి. ఎందుకంటే అదే తూటాని బరువైన తుపాకీలోంచి పేలిస్తే చేతికి తగిలే దెబ్బ తగ్గుతుంది, తేలికైనదాంట్లోంచి పేలిస్తే పెరుగుతుంది. పిడి పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు ఇబ్బంది లేకుండా ట్రిగ్గర్ మీదికి చేరాలి. చాలా పిస్టళ్లు మగవాళ్ల అరచేతి కొలతకి చేసినవి కాబట్టి ఈ ఒక్కటీ చేత్తో పట్టుకుని చూడందే తెలియదు. పోటీల్లో స్త్రీలు 25 మీటర్ల దూరానికి పేల్చే పాయింట్ టూటూ పిస్టల్ ట్రిగ్గర్ బరువు కనీసం ఒక కిలో ఉండాలని నియమం. జేబు రివాల్వర్లలో, సుత్తి ముందే వెనక్కి లాగి పెట్టకుండా పేలిస్తే, నాలుగైదు కిలోల బలంతో నొక్కాల్సి రావడం మామూలు.

ఇక్కడ ఆగి నిర్భీక్‌ని మళ్లీ చూడండి. అర కిలో తుపాకీ. పొట్టి గొట్టం. వేలితో నొక్కాల్సిన బలం తుపాకీ బరువుకి ఎన్నో రెట్లు. ఇలాంటి తేలికపాటి చిన్న రివాల్వర్‌తో గురి చూసి కొట్టడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం. అదే మొదటిసారి తుపాకీ పట్టే ఆడవాళ్ల కోసమట! చిన్నది, తేలికది, నాజూకుది అయితే ఆడవాళ్లకి సరిపోతుందన్న నమ్మకం మెటలర్జీలోకి కూడా వెళ్లిపోయింది. మనదగ్గర మొదలైంది కూడా కాదు. అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1902లోనే 'లేడీస్మిత్' అని బుల్లి రివాల్వర్ చేసింది, 1921లో ఆపేసింది. వేశ్యలు వాడుతున్నారని తెలిసి యజమాని ఆపించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథే కావచ్చు గానీ, ఎలాంటి ఆడదానికి ఆత్మరక్షణ హక్కు ఉందనుకుంటారో ఆ కథ చెప్పేస్తుంది. 1989లో అదే పేరు మళ్లీ తెచ్చి మధ్యతరగతి స్త్రీలకి అమ్మారు.

తూటాల దగ్గరికి వచ్చేసరికి సంభాషణ ఇంత తేలిగ్గా సాగలేదు. గురికి వాడే తూటా కాగితాన్ని శుభ్రంగా కోస్తే చాలు. ఆత్మరక్షణకి అమ్మే తూటా కొసన గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే పువ్వులా విచ్చుకుంటుంది (ఆ రంగంలో వాళ్లు వాడే పోలికే ఇది, నాది కాదు). విచ్చుకుని లోపలే ఆగిపోతుంది. గుండ్రటి కొస ఉన్న తూటా అయితే మనిషిలోంచి దూసుకుపోయి, చెక్కగోడలోంచి కూడా దూసుకుపోయి, పక్కగదిలో పడుకున్న పిల్లకి తగలొచ్చు. అందుకే అక్కడి నిపుణులు ఇంట్లో వాడకానికి గుంటకొస తూటాలే మేలంటారు. ఆ తర్కంలో తప్పేమీ లేదు. వినేటప్పుడే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అలా విచ్చుకునే తూటాల వంశవృక్షంలో మన దేశం పేరుంది. 1890లలో కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధాగారంలో బ్రిటిష్‌వాళ్లు కొస మెత్తగా వదిలేసిన తూటా చేశారు. వాయవ్య సరిహద్దులో తెగలవాళ్లు మామూలు తూటాలు తగిలినా పడిపోకుండా మీదికి వస్తున్నారని కారణం చెప్పారు. 1899లో హేగ్ సమావేశం అలాంటి తూటాల్ని యుద్ధాల్లో నిషేధిస్తుంటే బ్రిటిష్ ప్రతినిధి అడ్డుచెప్పాడు. నాగరికుడైన సైనికుడు గాయపడితే వెనక్కి తగ్గుతాడు, అనాగరికుడు తగ్గడు కాబట్టి అతనికి వేరే తూటా కావాలన్నది అతని వాదన. 1904లో అమెరికన్ సైన్యం షికాగో కబేళాల్లో పశువుల మీద, మానవ శవాల మీద కాల్చి చూసి, ఏ తూటాకి ఎంత 'ఆపే శక్తి' ఉందో తేల్చే ప్రయత్నం చేసింది. ఆ పరీక్షల వెనక ఫిలిప్పీన్స్‌లో మోరోలతో యుద్ధం ఉంది. 'ఆపే శక్తి' అన్న మాట ఇప్పటికీ దుకాణాల్లో, శిక్షణ తరగతుల్లో నడుస్తోంది. చంపే శక్తి అని ఎవరూ అనరు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు కనిపించేది ఈ భాషే. ప్రతి తూటాలోనూ ఎదురుగా నిలబడ్డ మనిషి గురించి ఒక ఊహ ఉంది. అతను ఎంత దూరంలో ఉంటాడు, ఎంత మొండివాడు, మనిషా, ఆగని జంతువా. తూటా ఎంచుకోవడమంటే ఆ ఊహకి సంతకం పెట్టడం. నా స్నేహితురాలి విషయంలో ఎదురుగా ఉన్నవాడు ఊహ కూడా కాదు. అతను ఎడమచెవి మీద ఎలా పడుకుంటాడో ఆమెకి తెలుసు. బిడ్డకి తండ్రి. బలప్రయోగం మనిషిని వస్తువుగా మారుస్తుందని ఇలియడ్ మీద రాసిన వ్యాసంలో సిమోన్ వెయిల్ అంటుంది, ప్రయోగించేవాళ్లని కూడా వదలదంటుంది. ఆ వ్యాసం పాఠం చెప్పినప్పుడు నాకు అది హోమర్ గురించి. ఫోన్‌లో మాత్రం "అతన్ని చూస్తూ నొక్కగలవా?" అని అడగాలనిపించింది. అడగలేదు. అడిగే హక్కు నాకుందా అన్నది ఇప్పటికీ తేలలేదు.

రేంజిలో మొదట నేర్పేది చూపు. కళ్లు టార్గెట్ మీద ఉండకూడదు. తుపాకీ కొసనున్న ఫోర్‌సైట్ మీద ఉండాలి. అది స్పష్టంగా కనిపించాలి, టార్గెట్ మసగ్గా ఉన్నా ఫర్వాలేదు. 'గుండు ఎక్కడ పడాలో చూడకమ్మా, నీ చెయ్యేం చేస్తోందో చూడు' అనేవారు మా కోచ్. ఊపిరి సగం వదిలి, ఆపి, వేలిని మాత్రం కదిలించాలి. ఒళ్లంతా రాయిలా ఉండి ఒక్క వేలికి ప్రాణం ఉండటం. 25 మీటర్ల అవతల పదో వలయం అరచేతిలో సగం ఉంటుంది, 50 మిల్లీమీటర్లు. అందులో పడినప్పుడు కలిగే సంతోషం నాకు ఇంకెందులోనూ దొరకలేదు, థీసిస్ సమర్పించిన రోజుతో సహా. ఆడపిల్లలు తమ ఒంటిని పూర్తిగా వాడరు, చుట్టూ కనిపించని గోడ ఉన్నట్టు ముడుచుకుని విసురుతారు అని ఐరిస్ మారియన్ యంగ్ 1980లోనే రాసింది. కాళ్లు ఎడంగా వేసి, చెయ్యి పూర్తిగా చాపి, ఎవరూ చూడట్లేదన్న భరోసాతో నిలబడటం నేను రేంజిలోనే నేర్చుకున్నాను. ఉత్తరప్రదేశ్‌లో జోహ్రీ అనే పల్లెటూళ్లో చంద్రో తోమర్ అరవై దాటాక, మనవరాలికి తోడుగా వెళ్లి పిస్టల్ పట్టింది. ముసుగు తియ్యని ఇంటి కోడలు. రాత్రిపూట నీళ్ల జగ్గు చాచి పట్టుకుని చెయ్యి నిలకడ చేసుకునేదట. ఆమె, తోడికోడలు ప్రకాశి కలిసి ఎన్నో పతకాలు తెచ్చుకున్నారు, ఆ ఊరి ఆడపిల్లలకి దారి వేశారు. 2021లో కోవిడ్‌తో చంద్రో పోయింది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషాసింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణంలో ఉంది. మను భాకర్ పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. వీళ్ల చేతుల్లో తుపాకీ చూస్తే నాకు భయం వెయ్యదు. ఎదురుగా ఉన్నది కాగితం కాబట్టి.

ఆ రెంటినీ, కాగితాన్నీ మనిషినీ, ఒకే కొనుగోలులో కలిపేసి అమ్ముతారు. 'గురికీ పనికొస్తుంది, రక్షణకీ పనికొస్తుంది' అంటారు. వస్తువుగా చూసినా అది అబద్ధమని పైన చెప్పిన లెక్కలే చెబుతున్నాయి. గురికి పనికొచ్చేది బరువుగా, పొడుగ్గా, చిన్న తూటాతో, తేలికైన ట్రిగ్గర్‌తో ఉంటుంది. బ్యాగులోకి అమ్మేది ప్రతిదాంట్లోనూ దానికి ఎదురు. మనసుకి కూడా ఈ రెండూ ఒకటి కావు. గురిలో చేతి వణుకు తగ్గించుకోవడానికి మనకి ఎంత సమయం కావాలంటే అంత ఉంటుంది. ఆత్మరక్షణలో సమయమే ఉండదు. ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్ల ఉంది కాబట్టి తుపాకీ తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరేచోట ఉండాలి. అలా ఉంటే అర్ధరాత్రి తలుపు విరిగే చప్పుడుకి అది చేతికి అందదు. అందేచోట పెడితే పిల్లకీ అందుతుంది. ఈ చిక్కుముడికి డబ్బు పెడితే దొరికే జవాబులు, వేలిముద్రతో తెరుచుకునే పెట్టెల్లాంటివి, ఉన్నాయి. చిక్కు పూర్తిగా విడదు.

లెక్కలు కూడా ఇంటివైపే వేలు చూపిస్తాయి. నిర్భీక్‌కి పేరు తెచ్చిన 2012లోనే మన దేశంలో నమోదైన 24,923 అత్యాచార కేసుల్లో 24,470 కేసుల్లో నిందితుడు ఆమెకి తెలిసినవాడే. 2022లో స్త్రీలమీద నేరాలన్నింటిలో అన్నిటికంటే పెద్ద వాటా, 31.4 శాతం, భర్తా అతని బంధువులూ పెట్టిన హింసది. నగలపెట్టెలోని తుపాకీ వీధిలో అపరిచితుడి కోసం. అసలు హింస నగలపెట్టె దాచే బీరువా ఉన్న గదిలో జరుగుతోంది. ఆ గదిలో తుపాకీ ఎవరిది అవుతుంది? లైసెన్స్ భార్య పేరున ఉన్నా బంగారం ఎవరి అధీనంలో ఉంటుందో మనకి తెలుసు. కాలిఫోర్నియాలో లక్షలమంది మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2022లో అచ్చయింది. చేతితుపాకీ ఉన్నవాళ్లతో కలిసి ఉంటున్న, తమకి తుపాకీ లేని మనుషులు ఇంట్లో జీవిత భాగస్వామి చేతిలో తుపాకీకి బలయ్యే అవకాశం, తుపాకుల్లేని ఇళ్లవాళ్లకంటే ఏడు రెట్లు ఎక్కువ. అలా చనిపోయినవాళ్లలో 84 శాతం స్త్రీలు. హింసించే భర్త చేతికి తుపాకీ అందితే భార్య హత్యకి గురయ్యే ప్రమాదం అయిదు రెట్లకి పెరుగుతుందని జాక్వెలిన్ కాంప్‌బెల్ బృందం 2003లోనే చూపించింది.

ఇదంతా ఆమెకి చెప్పాను. విని, "ఆ తుపాకీ అతని దగ్గరే ఉందే, నేను కొన్నా కొనకపోయినా" అంది.

అక్కడే నా వాదన కాళ్లు తడబడ్డాయి. ఆమె ఉన్న రాష్ట్రంలో ఇరవై ఒకటి నిండినవాళ్లు చాలామంది 2021 సెప్టెంబర్ నుంచి లైసెన్స్ లేకుండానే చేతితుపాకీ పెట్టుకుని తిరగొచ్చు. గృహహింస ఆర్డర్ ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోకూడదన్న కేంద్ర చట్టం చెల్లదని అక్కడి అప్పీలు కోర్టు 2023లో తీర్పిస్తే, 2024 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసి చట్టాన్ని నిలబెట్టింది, ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపు. ఆ కేసు కూడా టెక్సాస్‌దే. అంటే చట్టం ఆమె వైపు ఉంది. అయితే అతని ఇంటికి వెళ్లి ఆ రెండు తుపాకులు ఎవరు తెస్తారు? ఆర్డర్ కాగితం మీద ఉంది, తుపాకులు అతని అల్మారాలో ఉన్నాయి. ఈ మధ్యలో ఉన్న ఖాళీనే మార్కెట్ చూసి 'అమ్మా, నువ్వూ ఒకటి కొనుక్కో' అంటుంది. నిర్భీక్ వచ్చినప్పుడు బీనాలక్ష్మి నెప్రం లాంటివాళ్లు ఇది ప్రభుత్వం తన వైఫల్యాన్ని ఒప్పుకోవడమేనని విమర్శించారు. మణిపూర్‌లో తుపాకులకి మనుషుల్ని పోగొట్టుకున్న స్త్రీలతో పనిచేసినావిడ. కానీ వైఫల్యాన్ని ఒప్పుకున్న ఊళ్లో ఈ రాత్రి పడుకోవాల్సిన మనిషి ఏం చెయ్యాలి?

సురక్షితంగా ఉన్నవాళ్లు సురక్షితంగా లేనివాళ్లకి అహింస బోధించడం నాకు ఎప్పుడూ అసహ్యమే. గాంధీయే 1942లో దాడికి గురయ్యే స్త్రీ హింసా అహింసా అని ఆలోచిస్తూ కూర్చోనక్కర్లేదని, తన్ని తాను కాపాడుకోవడమే మొదటి ధర్మమని రాశాడు. 1892లో మెంఫిస్‌లో తన స్నేహితుణ్ణి తెల్లవాళ్ల గుంపు చంపాక ఐడా బి. వెల్స్ పిస్టల్ కొనుక్కుంది. ప్రతి నల్లవాళ్ల ఇంట్లోనూ వించెస్టర్ రైఫిల్ గౌరవస్థానంలో ఉండాలని రాసింది. రాజ్యం తమని కాపాడదని, పైపెచ్చు చంపేవాళ్ల పక్కన నిలబడుతుందని అనుభవంతో తెలిసినవాళ్ల మాట అది. తెలంగాణ పోరాటంలో కారంపొడితో, రోకలిబండలతో దొరల మనుషుల్నీ రజాకార్లనీ ఎదుర్కొన్న ఆడవాళ్ల విషయంలో మనం హింస అహింస చర్చ పెట్టం. పెట్టకూడదు కూడా. కాకపోతే వాళ్లు ఒంటరిగా లేరు. పక్కన ఊరుంది, సంఘం ఉంది. బ్యాగులో రివాల్వర్ అమ్మేవాడు ముందు ఆమెని ఒంటరిని చేసి, తర్వాత వస్తువు అమ్ముతాడు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఇంకో సంగతి ఉంది. 1951లో పోరాటం విరమించాక తుపాకులు దించేసిన ఆడవాళ్లని ఇళ్లకి పొమ్మన్నారు. ఆ పుస్తకంలో ఆ స్త్రీల గొంతుల్లో ఉన్న నొప్పి చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. తుపాకీ చేతికొచ్చినా ఇల్లు మారలేదు.

స్త్రీల పేరుమీద పేలే తుపాకులు ఇంకో రకం ఉన్నాయి. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య, డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల 'ఎన్‌కౌంటర్'. పోలీసుల మీద పూలు చల్లినవాళ్లలో ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు ఉన్నారు. 2022లో సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు ఉద్దేశపూర్వకమేనని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని తేల్చింది. ఆ పూలు చల్లిన చేతుల్ని నేను తేలిగ్గా తిట్టలేను. వాళ్ల భయం నిజం. ఆ భయాన్ని అడ్డుపెట్టి ఎవరి తుపాకీ బలపడిందన్నది కూడా నిజం. 2016 డిసెంబర్‌లో పంజాబ్‌లోని బఠిండా జిల్లాలో ఒక పెళ్లిలో స్టేజీ మీద నాట్యం చేస్తున్న అమ్మాయిని సరదాకి పేల్చిన తుపాకీ చంపేసింది. గర్భవతి. ఆత్మరక్షణకని లైసెన్సులిచ్చే తుపాకులు మన పెళ్లిళ్లలో ఎవరి భుజాల మీద వేలాడతాయో చూస్తే, ఆత్మ ఎవరిది రక్షణ ఎవరిది అన్నది అర్థమవుతుంది.

ఆమె నిజంగా పేలిస్తే ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. ఫ్లోరిడాలో 2010లో మరిస్సా అలెగ్జాండర్ అనే నల్లజాతి స్త్రీ, కొట్టే భర్త మీదికి వస్తుంటే బెదిరించడానికి ఒక తూటా పేల్చింది. ఎవరికీ గీత కూడా పడలేదు. 2012లో ఇరవయ్యేళ్ల శిక్ష వేశారు. ఆ శిక్ష తర్వాత రద్దయింది, ఒప్పందం మీద బయటికొచ్చేసరికి మూడేళ్లు జైల్లో గడిచాయి. మన చట్టం సంగతి ఇంకా విచిత్రం. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయసంహిత 38వ సెక్షన్ ప్రకారం అత్యాచారం చేయబోతున్నవాణ్ణి ఆపడానికి ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు స్త్రీకి ఉంది, పాత శిక్షాస్మృతిలోనూ ఉండేది. అదే సంహిత 63వ సెక్షన్ మినహాయింపు ప్రకారం భార్యకి పద్దెనిమిదేళ్లు నిండితే భర్త చేసినది అత్యాచారమే కాదు. ఈ రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి చదివితే నిర్భీక్‌ని ఎవరి మీద గురిపెట్టొచ్చో, ఎవరి మీద పెడితే హంతకురాలవుతుందో చట్టమే గీత గీసి చూపిస్తోంది. ప్రాణభయం, తీవ్రగాయం అన్న వేరే కారణాలు ఆమె రుజువు చేసుకోవచ్చు. ఆ రుజువు భారం ఆమెదే.

కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో షార్లీన్ సెన్ బృందం చేసిన ప్రయోగం ఒకటి 2015లో అచ్చయింది. మొదటి సంవత్సరం విద్యార్థినులకి పన్నెండు గంటల శిక్షణ. తెలిసినవాళ్లే హద్దు దాటుతుంటే ముందుగా పసిగట్టడం, మొహమాటాన్ని దాటి వద్దని అరవడం, దేహంతో ఎదిరించడం. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవాళ్లు శిక్షణ లేనివాళ్లలో 9.8 శాతం, శిక్షణ పొందినవాళ్లలో 5.2 శాతం. ఇందులో ఆయుధం లేదు. తత్వశాస్త్ర అధ్యాపకురాలు సుసాన్ బ్రైసన్ 1990లో ఫ్రాన్స్‌లో తనమీద జరిగిన దాడి తర్వాత, తిరిగి మనిషి కావడంలో ఆత్మరక్షణ తరగతి ఎంత సాయపడిందో రాసింది. తన్నడం నేర్చుకోవడమంటే తనకోసం తన్నదగిన మనిషిని తానని నమ్మడం. ఇంత నమ్మకం రివాల్వర్ పెట్టెతోపాటు రాదు. అయితే ఇవేవీ రెండు తుపాకులున్న మాజీభర్త విషయంలో చాలవని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

అందుకని నేను చివరికి చెప్పింది సిద్ధాంతంగా చెప్పుకోదగ్గది కాదు. ఇంట్లోకి తుపాకీ తేవద్దన్నాను, తెస్తే తప్పని అననన్నాను. రేంజికి వెళ్లి అక్కడే అద్దెకిచ్చే పాయింట్ టూటూతో నేర్చుకోమన్నాను. అతని తుపాకులు స్వాధీనం చేసుకునే ఉత్తర్వు కోసం లాయరు చేత విడిగా అడిగించమన్నాను. అది కాగితం మీద స్పష్టంగా లేకపోతే ఎవరూ కదలరని గృహహింస బాధితులతో పనిచేసే అక్కడి మిత్రురాలు చెప్పింది. ఆమె అంతా రాసుకుంది. గుంటకొస తూటాల పేరు కూడా రాసుకున్నానంది.

ఇప్పుడు శనివారాలు రేంజికి వెళ్తోంది. మొన్న టార్గెట్ కాగితం ఫోటో పంపింది. తూటాలన్నీ ఎడమవైపు కిందికి పడ్డాయి. ట్రిగ్గర్ నొక్కేముందు ఉలిక్కిపడుతున్నావే అని రాశాను. "తెలుసు" అని జవాబిచ్చింది. ఆర్డర్ పొడిగింపు మీద విచారణ వచ్చే నెల.